మందకు వచ్చు మశూచి - కాపరులును, గ్రామాధికారులును తెలిసికొనదగిన విషయములు

మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములలో వానను నమ్మి బ్రతుకుట కష్టము. పడమట నల్లమల, తూర్పున వెలికొండలు, నడుమ మెట్ట పొలములు. కంభం చెరువు క్రింద, గుండ్లకమ్మ ఒడ్డున కొంత మాగాణి కలదు గాని తక్కిన నేల యంతయు మబ్బు వైపు చూడవలసినదే. పైరు ఎండిన యేట సంసారమును నిలబెట్టునవి జీవములే. అప్పు తీర్చవలసి వచ్చినను, బిడ్డను చదువుకు పంపవలసి వచ్చినను, రైతు రెండు పొట్టేళ్లను సంతకు తోలుకొని పోవును. అందువలన మందకు రోగము వచ్చుట యనగా ఇంటిలో దాచిన సొమ్ము పోవుటయే.

నేను వ్యవసాయ శాఖలో పనిచేయువాడను, పశువైద్యుడను గాను. అయినను పొలములో గొర్రెల మంద కట్టించి ఎరువు వేసికొనుడని రైతులకు చెప్పువారిలో నేనును ఒకడను. అట్టి పని మీద ఒక పల్లెకు పోయినప్పుడు ఒక వృద్ధుడైన కాపరి నన్ను ప్రక్కకు పిలిచి యిట్లు అడిగినాడు:

"సారూ, నాలుగు గొర్రెలకు తోక కింద, పొదుగు కాడ ఎర్రగా మచ్చలు లేచినయ్. అమ్మవారు పోసిందని మావోళ్లు అంటన్నారు. ఆమధ్య ఆవులకు గడ్డలు లేచినయ్ గదా, అదీ ఇదీ ఒకటేనా? సామాను మోసే గాడిద ఉంది, దానిక్కూడా అంటుకుంటదా? ఎల్లుండి సంత. బాగున్నయ్యన్నీ తోలి అమ్ముకుంటే తప్పేమన్నా ఉందా?"

"పెద్దాయనా, మీరడిగిన మూడు మాటలూ మంచివే. ఈ రోజు మందను మాత్రం కదిలించొద్దు, పశువుల డాక్టరుగారిని పిలిపిద్దాం" అని నేను చెప్పితిని. ఆయన అడిగిన ఆ మూడు ప్రశ్నలకు సమాధానమే ఈ వ్యాసము.

మశూచి కుటుంబము

మశూచి యనునది ఒక్క రోగము కాదు. అది యొక పెద్ద కుటుంబము. దీనికి కారణమైన సూక్ష్మజీవులను వైరస్ లందురు. ఇవి మామూలు సూక్ష్మదర్శినిలో స్పష్టముగా కనబడనంత చిన్నవి. ఒకే యింటి పేరు గలవారు వేరు వేరు ఊళ్లలో కాపురముండినట్లు, ఈ కుటుంబములోని వైరస్ లు కొన్ని ప్రజాతులుగా విడిపోయి, ఒక్కొక్కటి ఒక్కొక్క జంతువును పట్టుకొని యున్నవి. మనుష్యులకు వచ్చిన పెద్ద మశూచి, ఆవు పొదుగు మీద లేచు మశూచి, గుర్రపు మశూచి - ఈ మూడును ఒకే ప్రజాతికి చెందినవి. ఆ ప్రజాతి పేరు ఆర్థోపాక్స్.

గుర్రపు మశూచి ఒకప్పుడు ఐరోపా దేశములలో తరచుగా కనబడెడిది. గుర్రము మడమల పైని చర్మము మీదను, మూతి మీదను పొక్కులు లేచి, చీము పట్టి, పక్కులు కట్టెడివి. ఇంగ్లండు దేశములో ఎడ్వర్డు జెన్నరు అను వైద్యుడు 1796వ సంవత్సరమున, పాలు పితుకు పడుచు చేతి మీద లేచిన ఆవు మశూచి పొక్కు నుండి రసి తీసి ఒక బాలునికి అంటించి, పెద్ద మశూచి ఆ బాలునికి రాకుండ చేయవచ్చునని చూపినాడు. గుర్రములకు కట్లు కట్టిన సేవకులే ఆవుల పాలును పితుకుటచే ఈ రోగము గుర్రము నుండి ఆవుకు చేరినదని ఆయన తలచినాడు. 1902లో అమెరికాలో తయారైన ఒక పాత మశూచి టీకాను పరీక్షించిన శాస్త్రజ్ఞులు, అందులోని వైరస్ గుర్రపు మశూచికి మిక్కిలి దగ్గర చుట్టమని 2017లో ప్రకటించిరి. ఇంగ్లీషులో టీకాను 'వాక్సిన్' అందురు. ఆ పేరు లాటిను భాషలో ఆవు అను మాట నుండి పుట్టినది. అందులో గుర్రమునకును పాలున్నదన్న మాట!

ఆ టీకా మూలముననే మన దేశములో 1975 తరువాత పెద్ద మశూచి లేకుండ పోయినది. 1980లో ప్రపంచమంతటను అది అంతరించినదని ప్రకటింపబడినది.

ఇక గొర్రె, మేక, ఆవులను పట్టుకొన్నది వేరొక ప్రజాతి. దాని పేరు కాప్రిపాక్స్. లాటిను భాషలో 'కాప్రా' అనగా మేక. ఈ ప్రజాతిలో ముగ్గురు అన్నదమ్ములు కలరు: గొర్రె మశూచి వైరస్, మేక మశూచి వైరస్, పశువులకు ముద్ద చర్మ వ్యాధిని తెచ్చు లంపీ స్కిన్ వైరస్. వీటి రూపము ఒకటే. రక్త పరీక్షలో సైతము ఒకదాని నుండి మరొకదానిని వేరు చేయుట కష్టము. అయినను ఎవరి గడప వారిదే. గొర్రె మశూచి ముఖ్యముగా గొర్రెలకును, మేక మశూచి ముఖ్యముగా మేకలకును వచ్చును. కొన్ని రకములు రెంటికిని సోకును గనుక గొర్రెలు, మేకలు కలిసి యున్న మందలో రెంటిని గూడ కనిపెట్టి యుండవలెను. లంపీ స్కిన్ ఆవులకు, ఎద్దులకు ఎక్కువగాను, గేదెలకు తక్కువగాను వచ్చును. గుర్రములకు, గాడిదలకు, మనుష్యులకు ఈ మూడింటిలో ఏదియు రాదు.

కావున ఆ కాపరి మొదటి రెండు ప్రశ్నలకు జవాబు దొరికినది. ఆవుల గడ్డలు, గొర్రెల మచ్చలు ఒకే రోగము కాదు గాని, అన్నదమ్ముల రోగములు. గాడిదకు భయము లేదు.

గొర్రె మశూచిని గుర్తించుట

వైరస్ సోకిన తరువాత సాధారణముగా 4 నుండి 14 రోజులలోపల రోగము బయటపడును. ఒక్కొక్కప్పుడు 21 రోజులు పట్టవచ్చును. మొదట జ్వరము 104 డిగ్రీలు దాటును. గొర్రె మంద వెనుక పడిపోవును. కన్నులు వాచి నీరు కారును, ముక్కు నుండి చీమిడి వచ్చును. ఒకటి రెండు రోజులలో వెండ్రుక తక్కువగా నున్న చోట్ల, అనగా పెదవులు, కనురెప్పలు, చంకలు, గజ్జలు, పొదుగు, తోక క్రింది భాగములలో ఎర్రని మచ్చలు లేచును. అవి గట్టి పొక్కులై, తరువాత నల్లని పక్కులు కట్టును. పక్కులు పూర్తిగా రాలి చర్మము మానుటకు 5, 6 వారములు పట్టును.

మన ప్రాంతపు నెల్లూరు జాతి గొర్రెలు, జోడిపి గాని, పల్ల గాని, డోర గాని, ఉన్ని లేనివి. కావున తోక ఎత్తి, తొడల నడుమ చూచినచో మచ్చలు తొలి రోజుననే కనబడును. ఉదయము మందను తోలుటకు ముందు పది జీవములనైనను ఇట్లు చూచుట కాపరికి అలవాటు కావలెను.

బయటి పొక్కుల కంటె లోపలి పొక్కులు ప్రమాదకరము. ఊపిరితిత్తులలో పొక్కులు లేచిన జీవము డొక్కలు ఎగరవేయుచు, ఊపిరాడక చనిపోవును. చూడి గొర్రెలు ఈసుకొని పోవును. ముదురు గొర్రెలలో చాలవరకు బ్రతికి బయటపడినను, పాలు త్రాగు పిల్లలలో చావులు మిక్కిలి యెక్కువ. ఒక్కొక్క మందలో నెల లోపు పిల్లలు దాదాపు అన్నియు పోవచ్చును. మందకు ఆ యేటి రాబడి పిల్లలే గదా!

మశూచిని పోలిన ఇతర రోగములు

నోటి దగ్గర పుండు కనబడినదెల్ల మశూచి కాదు. పుండ్లు పెదవుల చుట్టును మాత్రమే యుండి, కాలీఫ్లవరు పువ్వువలె ఉబ్బి యున్నచో అది మూతిపుండ్ల వ్యాధి. అదియు మశూచి కుటుంబములోనిదే గాని వేరొక ప్రజాతి. అది మనుష్యుల చేతులకు అంటుకొనును గనుక చేతితొడుగు లేకుండ ముట్టరాదు. నోటిలో పుండ్లతో బాటు దుర్వాసన గల పారుడు ఉన్నచో పి.పి.ఆర్. అను పారుడు వ్యాధిని అనుమానింపవలెను. వానల తరువాత మూతి వాచి, గిట్టల పైభాగము ఎర్రబడి, కుంటుచున్నచో అది నీలి నాలుక వ్యాధి కావచ్చును. ఒక్కొక్కదానికి ఒక్కొక్క టీకా కలదు. పేరు తప్పినచో టీకాయు తప్పును. అందుచే డాక్టరు చూడనిదే ఇది ఫలానా రోగమని నిర్ణయింపరాదు.

రోగము ఎట్లు వ్యాపించును?

గొర్రె మశూచి ఊపిరి ద్వారా, చీమిడి ద్వారా, ముఖ్యముగా రాలిన పక్కుల ద్వారా వ్యాపించును. ఎండిన పక్కులో ఈ వైరస్ నెలల తరబడి బ్రతుకును. ఎండ తగలని, ఊడ్వని దొడ్డిలో 6 నెలల వరకు నిలిచి యుండగలదు. రోగము పోయినదని తలచి అదే దొడ్డిలో క్రొత్త పిల్లలను విడిచిన రైతు, మూడు నెలల తరువాత మరల ఏడ్చుటకు కారణమిదియే.

మన ప్రాంతములో దీనికి మూడు దారులు గలవు. మొదటిది సంత. రెండవది వేసవి వలస. మేత లేని నెలలలో అనేక గ్రామముల మందలు ఒకే దారిని నడచి, ఒకే కుంటలో నీరు త్రాగును. మూడవది పొలములో మంద కట్టుట. నా శాఖ ప్రోత్సహించు పని యిది. గనుక దీని మంచి చెడ్డలు రెండును చెప్పుట నా విధి. మంద ఎరువు మెట్ట నేలకు ప్రాణము. కాని రోగపు మందను కట్టిన చేనిలో ఆరోగ్యముగా నున్న మందను వెంటనే కట్టరాదు. మంద కట్టించుకొను రైతు, ముందుగా కాపరిని "మచ్చలు, దగ్గు ఏమైనా ఉన్నవా?" అని అడిగి, నాలుగు గొర్రెల తోకలెత్తి చూచి, పిదప ఒప్పుకొనవలెను. మంద లేచిపోయిన తరువాత చేనిని దున్ని ఎండకు విడుచుట నేలకును మంచిది, రోగమును అణచుటకును మంచిది.

పశువులకు ముద్ద చర్మ వ్యాధి

ఈ వ్యాధి 1929లో ఆఫ్రికాలోని ఉత్తర రొడీషియాలో, అనగా నేటి జాంబియాలో, మొదట కనబడినది. చాలకాలము ఆ ఖండము దాటలేదు. 1988లో ఈజిప్టునకు, పిమ్మట పశ్చిమాసియాకు పాకినది. మన దేశములో 2019లో ఒడిశాలో మొదట బయటపడినది. 2022లో గుజరాతు, రాజస్థానము మొదలుగా అనేక రాష్ట్రములలో విజృంభించి లక్షకు మించిన పశువులను బలిగొన్నది.

జ్వరము వచ్చి, పాలు తగ్గి, మెడ మీద, వీపు మీద, పొదుగు మీద రూపాయి బిళ్ల యంత గట్టి ముద్దలు లేచును. కాళ్లు, గంగడోలు వాచును. సాధారణముగా నూరు రోగపు పశువులలో చనిపోవునవి 10కి లోపుగనే యుండును. కాని బ్రతికిన ఎద్దు నెలల తరబడి కాడికి రాదు, ఆవు పాలివ్వదు. సంకర జాతి ఆవులలో తీవ్రత ఎక్కువ.

ఇచ్చట అన్నదమ్ముల మధ్య ముఖ్యమైన తేడా యొకటి కలదు. గొర్రె మశూచి పక్కుతో, ఊపిరితో పోవును; ముద్ద చర్మ వ్యాధి ముఖ్యముగా కుట్టు ఈగలు, దోమలు, పిడుదులు మోసికొని పోవును. కావున గొర్రెల విషయములో దొడ్డి శుభ్రతయు, క్రొత్త జీవమును వేరుగా నుంచుటయు ముఖ్యము. పశువుల విషయములో వాటితోబాటు పేడకుప్పను కొట్టమునకు దూరముగా వేయుట, నీరు నిలువకుండ చూచుట, సాయంకాలము వేపాకు పొగ వేయుట, పిడుదుల మందు వాడుట ముఖ్యము. రోగము వచ్చిన ఆవు పాలను కాచి త్రాగవచ్చును; మనుష్యులకు ఈ రోగము రాదు.

టీకా ఒక్కటే కవచము

ఈ మూడు రోగములకును వైరస్ ను చంపు మందు వాడుకలో లేదు. ముందుగా వేయు టీకాయే రక్ష. గొర్రె మశూచికి గొర్రె మశూచి టీకా, మేకలకు మేక మశూచి టీకా కలవు. గొర్రె టీకాకు వాడు వైరస్ రకములలో ఒకదానికి తమిళనాడులోని రాణిపేట పేరే పెట్టబడినది. ముగ్గురును అన్నదమ్ములగుటచే ఒకరి టీకా మరొకరిని కొంతవరకు అడ్డగించును. అందుకే 2022లో దేశమంతటను ఆవులకు మేక మశూచి టీకానే విస్తారముగా వేసిరి. "ఆవుకు మేక టీకా యేమి?" అని ఆ నాడు కొందరు రైతులు వెనుదీసిరి. వారి అనుమానము సహజమే గాని ఆ పని శాస్త్రసమ్మతము. ఆవు మశూచితో మనుష్యుని కాపాడిన జెన్నరు మార్గమే యిది.

హర్యానాలోని హిస్సారులో గల జాతీయ అశ్వ పరిశోధన కేంద్రము, ఇజ్జత్‌నగరులోని భారత పశువైద్య పరిశోధన సంస్థతో కలిసి, 2019లో రాంచీ ఆవుల నుండి తీసిన వైరస్ ను బలహీనపరచి 'లంపి ప్రోవాక్‌ఇండ్' అను టీకాను రూపొందించినది. దానిని 2022 ఆగస్టు 10వ తేదీన విడుదల చేసిరి. గుర్రముల కొరకు స్థాపించిన కేంద్రము ఆవులకు టీకా నిచ్చుట గమనింపదగిన విషయము.

టీకా విషయమున గుర్తుంచుకొనవలసినవి:

1. మూడు నెలలు నిండిన ప్రతి గొర్రెకు, మేకకు ఏడాదికొకసారి, డాక్టరు చెప్పిన అదనులో టీకా వేయించవలెను. పశువులకు నాలుగు నెలలు నిండిన తరువాత వేయింతురు.

2. టీకా వేసిన నాడే బలము రాదు. అందుకు సుమారు మూడు వారములు పట్టును. కావున వలస పోవుటకు నెల ముందే వేయించవలెను.

3. ఈ టీకాలో నున్నది బలహీనపరచిన సజీవ వైరస్. ఎండ తగిలినను, మంచు కరిగినను అది చచ్చును. మంచుపెట్టెలో తెచ్చిన దానినే, కలిపిన రెండు గంటలలోగా వాడవలెను. సూది మీద గాని చర్మము మీద గాని స్పిరిటు రాయరాదు. సూదులను నీటిలో మరగించి వాడవలెను. ఒకే సూదితో మందనంతయు పొడుచుట రోగమును పంచుటయే.

4. మంద సగములో వేయించి సగము మానుట దండుగ. ఊరిలోని మందలన్నిటికి ఒకే వారములో వేయించినచో ఊరికే కోట కట్టినట్లగును.

5. జ్వరముతో నున్న జీవమునకు వేయరాదు.

రోగము వచ్చిన పిదప

మచ్చలు కనబడిన జీవములను అదే రోజున వేరుచేయవలెను. వేరే కాపరి, వేరే నీటి తొట్టి ఉండవలెను. ఒకే మనిషి చూడవలసి వచ్చినచో ముందు మంచి జీవములను చూచి, పిదప రోగపు వాటిని చూడవలెను. పొక్కులను పలుచని పర్మాంగనేటు నీటితో కడిగి, ఈగలు వ్రాలకుండ వేపనూనె రాయవచ్చును. చీము పట్టకుండ సూది మందులు డాక్టరే యియ్యవలెను. నీడ, చల్లని నీరు, గంజి, లేత అవిసె ఆకు - ఇవి సగము వైద్యము. దొడ్డిని ఊడ్చి, చెత్తను కాల్చి, 2 శాతము ఫినాలు గాని, 2, 3 శాతము సోడియం హైపోక్లోరైటు గాని చల్లవలెను. చచ్చిన దానిని వాగులో పారవేయక, 6 అడుగులకు తగ్గని గోతిలో సున్నము వేసి పూడ్చవలెను. క్రొత్తగా కొన్న జీవమును 21 రోజులు, పశువును 28 రోజులు వేరుగా నుంచవలెను.

అమ్మవారికి మ్రొక్కుకొనుట, దొడ్డిలో వేపమండలు కట్టుట తప్పు గాదు. కాని అమ్మవారు పోసినదని డాక్టరుకు చెప్పకుండుట మాత్రము తప్పు. మన పెద్దలును మశూచి వచ్చిన యింటి గడపకు వేపమండ కట్టి, ఇతరులను రానిచ్చెడివారు కారు. ఇప్పుడు మందకు అదే నియమమును పాటింపుడని శాస్త్రము చెప్పుచున్నది.

గ్రామాధికారుల బాధ్యత

2009లో చేసిన జంతువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టమును అనుసరించి, ఇట్టి రోగము అనుమానము కలిగినప్పుడు యజమాని గ్రామాధికారికి గాని, పంచాయతీ బాధ్యునికి గాని తెలుపవలెను. వారు దగ్గరి పశువైద్యునికి వ్రాతమూలకముగా తెలుపవలెను. రోగపు జీవమును వేరుగా నుంచుట యజమాని విధి. గ్రామ సచివాలయములోని పశుసంవర్ధక సహాయకునికి చెప్పినను, 1962 సంఖ్యకు ఫోను చేసినను సహాయము లభించును. కబురు తెచ్చిన కాపరిని నేరస్థునిగా చూడరాదు. అతనిని గద్దించినచో రెండవవాడు దాచును; దాచిన రోగము నాలుగు ఊళ్లు తిరుగును.

సంతకు తోలవచ్చునా?

ఇక ఆ వృద్ధుని మూడవ ప్రశ్న. బాగున్న వాటిని తోలి అమ్ముకొన్న తప్పేమి? తప్పే. మచ్చ లేనంత మాత్రమున రోగము లేదనుటకు వీలులేదు. ఈ రోజు బాగున్న గొర్రె ఎల్లుండి సంతలో జ్వరముతో నిలబడవచ్చును. దానిని కొన్నవాడు మరొక పేద కాపరియే. ఉదాహరణకు, ఒక మందలోని 10 జీవములు 5 ఊళ్లకు పోయినచో 5 మందలకు నిప్పు అంటించినట్లే. ఆ ఊళ్ల మందలే వేసవిలో ఇతని మంద త్రాగు కుంటకు వచ్చును. వచ్చిన డబ్బు ఆ యేడే చెల్లును. పోయిన నమ్మకము తిరిగి రాదు. పైగా కోలుకొన్న గొర్రెకు ఈ రోగము మరల రాదు. ఓపికతో నిలుపుకొన్న తల్లి గొర్రె, మరుసటి యేడు మంచి పిల్లనిచ్చును.

ఆ వృద్ధుడు కొంతసేపు ఊరకుండి, "అయితే సంత మానుకుంటా సారూ, డాక్టరును మాత్రం రేపే రమ్మనండి" అనినాడు. ఆ యేడు సంత డబ్బు మానుకొనుట అతనికి చిన్న త్యాగము గాదు. అట్టివాని మాటకు విలువ నిచ్చి మరునాడే వైద్యుని పంపుట మన ఉద్యోగుల విధి. మచ్చ కనబడిన నాడే చెప్పుట కాపరి విధి. ఈ రెండును కలిసిన ఊరిలో మశూచి ఒక మందను దాటిపోదు.